బెల్ట్ గ్రైండర్‌ను నా ఒంటికి సరిపెట్టుకున్నాను

ఎనిమిది నెలలపాటు నేను చేసిన ప్రతి కత్తికీ ఒకటే జబ్బు. అలుగుకు, అంటే కత్తి కోసే భాగానికి, కుడి పక్క పదును వైపు పలచబడే వాలు నునుపుగా, ఒకే పలకలా వచ్చేది. ఎడమ పక్కకు వచ్చేసరికి మొన దగ్గర మెలిక తిరిగేది, పిడి దగ్గర వాలు ఆగే గీత అలుక్కుపోయేది. చేతులు అవే, ఉక్కును అరగదీసే గ్రైండర్ గరుకు బెల్టు అదే, ఉక్కు అదే. పైగా నాది కుడిచేతి వాటం. అలుగు ఎడమ పక్క సానపట్టేటప్పుడు పిడి ఉండేది కుడిచేతిలోనే. అంటే నాకు బాగా పట్టున్న చేత్తో చేసిన పక్కే పాడవుతోంది. ఇంకా సాధన చేస్తే కుదురుతుందని పాత ఇనుప పట్టీలు పోగేసి వారాల తరబడి వాటి మీద వాలు తీశాను. వాలు కుదరలేదు సరికదా, నలభై నిమిషాలు నిలబడితే కుడి భుజం నుంచి మెడ దాకా పట్టేసేది.

యంత్రాన్ని నిలబెట్టిన తీరులోనే తప్పుందని తేలడానికి అంత కాలం పట్టింది. దాన్ని సరిచేసుకోవడానికి ఇంకో రెండు నెలల సెలవు రోజులు పట్టాయి. ఎత్తు, పాదాల చోటు, దీపాలు, నీళ్ల బకెట్టు, స్విచ్చి, ఇలా ఒక్కొక్కటీ కదిపి చూసుకుంటూ వచ్చాను. కత్తుల పని కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకు ఇందులో కొంతైనా పనికొస్తుందని రాస్తున్నాను.

నా యంత్రం కత్తులు చేసేవాళ్ళలో ఎక్కువమంది వాడే కొలతదే. 2 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు ఉన్న బెల్టు పడుతుంది. వెనక మోటారు తిప్పే డ్రైవ్ వీల్, పైన బెల్టును పక్కలకు జరిపే ట్రాకింగ్ వీల్, ముందు రెండు చిన్న చక్రాల మధ్య నిలువుగా ఉక్కు పలక. ఆ పలకను ప్లాటెన్ అంటారు. బెల్టు దాని ముందు నుంచి కిందికి పరుగెడుతుంటే, అలుగును వాదర, అంటే పదునంచు, పైకి ఉండేలా పట్టుకుని బెల్టుకు ఆనిస్తాం. పిడి కుడిచేతిలో ఉంటే అలుగు ఎడమ పక్క అరుగుతుంది, ఎడమచేతిలో ఉంటే కుడి పక్క. మోటారు 2 హార్స్ పవర్ త్రీ ఫేజ్‌ది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. నేను ఎక్కువగా చేసేది 3 మిల్లీమీటర్ల మందం ఉన్న 1084 రకం కార్బన్ స్టీల్‌తో వంటింటి కత్తులు. వాలు ఎత్తు 22 మిల్లీమీటర్లు. ఉక్కును కాల్చి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్‌కు ముందు వాదర దగ్గర 0.7 మిల్లీమీటర్ల మందం వదులుతాను. అంతకన్నా పలచన చేస్తే కొలిమి నుంచి తీసి నూనెలో ముంచినప్పుడు వంకర పోయే ప్రమాదం ఉంది. ఈ కొలతలకు ఒక్కో పక్క వాలు దాదాపు 3 డిగ్రీలు వస్తుంది. ఇప్పుడు నా మణికట్టు ఒక్క డిగ్రీ అటో ఇటో తిరిగిందనుకోండి. 22 మిల్లీమీటర్ల ఎత్తు మీద అది దాదాపు 0.4 మిల్లీమీటర్ల తేడా. నేను వదలాల్సిన 0.7లో సగానికి పైగా పోయినట్టే. ఒక కాగితం మీద ఈ లెక్క వేసుకున్న రోజే నాకు విషయం అర్థమైంది. గాల్లో వేలాడే చేతులతో ఒక డిగ్రీని ఎవరూ పట్టి ఉంచలేరు. చేతులు ఒంటికి ఆనుకుని ఉండాలి, ఒళ్ళు నేలను తన్నిపట్టి ఉండాలి.

నా చేతులు గాల్లో ఉన్నాయని నాకు నేనుగా తెలుసుకోలేదు. ఒక డ్రైవ్ వీల్ చేయించడానికి లేత్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్తుండేవాణ్ణి. ఆయన ఒకసారి యంత్రం చూస్తానని వచ్చారు. నేను ఒక పట్టీ మీద వాలు తీస్తుంటే పక్కన నిలబడి పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. యంత్రం ఆపాక, "బాబూ, నువ్వు చెవుల దాకా భుజాలెత్తి పని చేస్తున్నావు. మోచేతులు పక్కటెముకలకు ఆనించి ఒకసారి పట్టుకో" అన్నారు. ఆనించాను. అలుగు ప్లాటెన్ అడుగు భాగానికి వచ్చింది. బెల్టు మధ్యలోకి తేవాలంటే మోచేతులు ఎత్తాల్సిందే.

అప్పటికి గ్రైండర్ మామూలు పని బల్ల మీద ఉండేది. బల్ల ఎత్తు 86 సెంటీమీటర్లు, దాని మీద గ్రైండర్ పెడితే ప్లాటెన్ నడిమి భాగం నేల నుంచి 116 సెంటీమీటర్ల ఎత్తులో వచ్చేది. నా మోచెయ్యి 107 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. సుత్తి పనికీ, ఆకురాయి పనికీ ఆ బల్ల చక్కగా సరిపోయేది కాబట్టి గ్రైండర్‌కూ సరిపోతుందనుకున్నాను. యంత్రం అడుగు నుంచి ప్లాటెన్ దాకా ఉన్న ముప్పై సెంటీమీటర్లను లెక్కలోకి తీసుకోలేదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే ఎవరి దగ్గరైనా గ్రైండర్ మొదట ఉన్న బల్ల మీదికే ఎక్కుతుంది.

సరైన ఎత్తు కనుక్కోవడానికి యంత్రం ఆపేసి, గోడ ముందు నిలబడి, చేతిలో ఒక పూర్తయిన కత్తి పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, భుజాలు వదులుగా వదిలేసి, కత్తిని ఎక్కడ పట్టుకుంటే హాయిగా ఉందో అక్కడ పట్టుకున్నాను. గోడ మీద ఆ చోట సుద్దతో గీత గీశాను. కాసేపు అటూ ఇటూ తిరిగొచ్చి మళ్ళీ అదే చేశాను. ఆరు గీతలు గీస్తే అన్నీ రెండు వేళ్ళ వెడల్పులోనే పడ్డాయి. మోచేతికి 3 సెంటీమీటర్లు కింద, అంటే 104 సెంటీమీటర్లు. ఛాతీ ఎత్తున పెట్టుకుని పనిచేసేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు మెడ వంచే అవసరం తక్కువ. నాకు మాత్రం మోచెయ్యి పక్కటెముకను వదిలిన క్షణం నుంచే వాలు చెడుతుంది.

స్టాండు చేయిస్తానంటే పెద్దాయన ఒక మాట గట్టిగా చెప్పారు. "ఒకే ఎత్తుకు వెల్డింగ్ చేసెయ్యొద్దు బాబూ. గొట్టంలో గొట్టం పెట్టి, బోల్టుతో ఎక్కించుకునేలా, దించుకునేలా చేద్దాం." అలాగే చేశాం. 12 మిల్లీమీటర్ల మందం ఉన్న అడుగు పలక, దాని మీద చదరపు గొట్టం, లోపల ఇంకో గొట్టం, 2 సెంటీమీటర్లకొకటి చొప్పున రంధ్రాలు. ఊగకుండా రెండు బోల్టులు అడ్డంగా వెళ్తాయి, పక్క నుంచి ఇంకో రెండు స్క్రూలు లోపలి గొట్టాన్ని బిగించి పడతాయి. అడుగు పలక మీద పాత ఇనుప ముక్కలు బరువుగా పెట్టాను.

ఆయన మాట విన్నందుకు రెండు వారాల్లోనే ఫలితం దక్కింది. భుజం నొప్పి పోయింది, దాని బదులు నడుము నొప్పి మొదలైంది. కారణం నా కొలతే. నేను మోచేతి ఎత్తు కొలుచుకున్నది చెప్పుల్లేకుండా. పని చేసేటప్పుడు మందపాటి తోలు బూట్లు వేసుకుంటాను, అది 3 సెంటీమీటర్లు. సిమెంటు నేల మీద గంటల తరబడి నిలబడలేక కింద రబ్బరు మ్యాట్ వేసుకున్నాను, అది ఒకటిన్నర. అంటే నేను నాలుగున్నర సెంటీమీటర్లు పైకి లేచాను, యంత్రం మాత్రం 104 దగ్గరే ఉంది. మోచేతికీ ప్లాటెన్ నడిమికీ ఏడున్నర సెంటీమీటర్ల ఎడం వచ్చేసరికి నాకు తెలియకుండానే నడుము వంచి పనిచేస్తున్నాను. రెండు రంధ్రాలు పైకెత్తి 108కి తెచ్చాను. ఆ రోజు సాయంత్రం గంటన్నర పనిచేసి, ఒళ్ళు విరుచుకోవాల్సిన అవసరం లేకుండా ఇంట్లోకి వెళ్ళాను. కొలుచుకునేటప్పుడు పనిలో వేసుకునే బూట్లే వేసుకుని, నిలబడబోయే మ్యాట్ మీదే నిలబడాలి.

ఎత్తు కుదిరాక పాదాల సంగతి బయటపడింది. బల్ల ఉన్నప్పుడు కింది అర అంచు కాలి వేళ్ళకు తగిలేది, అందుకే ఒక అడుగు వెనక నిలబడి చేతులు చాపేవాణ్ణి. కొత్త స్టాండు అడుగు పలకను వెనక్కి జరిపించి వెల్డ్ చేయించడంతో ఇప్పుడు ఎడమ పాదం ప్లాటెన్ కిందికి దాదాపుగా వెళ్తుంది. ఒక పాదం ముందు, ఒక పాదం వెనక, మోకాళ్ళు బిగించకుండా నిలబడతాను. అలుగును ప్లంజ్ లైన్ దగ్గర, అంటే పిడి పక్కన వాలు ఆగే గీత దగ్గర, బెల్టుకు ఆనించి మొన దాకా లాగేటప్పుడు చేతులు కదలవు. బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతుంది, నడుము నుంచి పై భాగమంతా ఒక్కటిగా పక్కకు జరుగుతుంది. మొన దగ్గర మాత్రం వాదర వంపును అనుసరించి పిడిని కాస్త ఎత్తుతాను. యంత్రం ఆపేసి, బెల్టు తిరగకుండానే ఈ కదలికను వందసార్లు చేశాను. అది నాకు ఇనుప పట్టీల మీద వారాల తరబడి చేసిన సాధన కన్నా ఎక్కువ మేలు చేసింది.

ఎడమ పక్క వాలే ఎందుకు పాడయ్యేదో కూడా ఇలా ఖాళీగా ఊగుతున్నప్పుడే దొరికింది. పిడి కుడిచేతిలో ఉన్నప్పుడు అలుగును కుడివైపుకి లాగాలి. సరిగ్గా మొన దగ్గరికి వచ్చేసరికి నా మోచెయ్యి యంత్రానికున్న టూల్ రెస్ట్ (పని ఆనించే దిమ్మ) కడ్డీని బిగించే పొడవాటి పిడికి తగులుతోంది. యంత్రం తిరుగుతున్నప్పుడు తగలకుండా ఒళ్ళు దానంతటదే తప్పుకునేది, మోచెయ్యి ఎత్తేసేవాణ్ణి. ఎత్తగానే మణికట్టు తిరిగేది, మొన దగ్గర మెలిక పడేది. ఆ బిగించే పిడి తీసేసి దాని చోట పొట్టి బోల్టు పెట్టాను. పది నిమిషాల పని. ఎనిమిది నెలల కత్తుల్లో మొన దగ్గరి మెలికకు కారణం వేలెడంత ఇనుప కడ్డీ.

కత్తి పిడి దగ్గర గీత అలుక్కుపోవడానికి కారణం వేరు. అది ప్లాటెన్ అరుగుదల, బెల్టు అంచు కలిసి చేసిన పని. ఉక్కు స్కేలును ప్లాటెన్ మీద అడ్డంగా నిలబెట్టి వెనక నుంచి దీపం వేస్తే మధ్యలో సన్నగా వెలుతురు కనిపించింది. నడుమ గుంట పడింది, అంచులు గుండ్రమయ్యాయి. చదును పలకకు ఆనించి చదును వాలు తీస్తున్నానని అనుకున్నాను గానీ, నిజానికి గుంటలోంచి తీస్తున్నాను. ఉక్కు ముఖాన్ని చదును చేయించి దాని మీద సిరామిక్ గ్లాసు పలక అతికించాను. ఆ గాజు ఉక్కు కన్నా చాలా మెల్లగా అరుగుతుంది, వేడికి పగలదు, బెల్టు దాని మీద తేలిగ్గా జారుతుంది. అతికించేది వేడిని తట్టుకునే ఎపాక్సీ అయినా, అడుగున గాజు ఆనుకోవడానికి ఒక చిన్న ఉక్కు మెట్టు ఉండాలి. బెల్టు ఎప్పుడూ కిందికే లాగుతుంటుంది కదా, జిగురు వదిలితే ఆ మెట్టే కాపాడుతుంది. పై అంచునూ కింది అంచునూ పాత బెల్టుతో కొంచెం గుండ్రం చేశాను. లేకపోతే బెల్టు అతుకు వచ్చినప్పుడల్లా టక్కుమంటుంది. ప్లాటెన్ ముఖం పైచక్రం, కిందిచక్రం కన్నా 2 నుంచి 3 మిల్లీమీటర్లు ముందుకు వచ్చేలా బిగించాను. మరీ వెనక ఉంటే బెల్టుకు ఆనదు, మరీ ముందుంటే పై అంచు దగ్గర బెల్టు ఒరుసుకుని వేడెక్కుతుంది.

ప్లంజ్ లైన్ కోసం ట్రాకింగ్ తిప్పి బెల్టు అంచు ప్లాటెన్ అంచు దాటి ఒకటిన్నర మిల్లీమీటరు బయటికి వచ్చేలా పెడతాను. ఆ వేలాడే అంచు మెత్తగా వంగి, గీతను చిన్న వంపుతో శుభ్రంగా కోస్తుంది. అంతకన్నా ఎక్కువ వదిలితే అంచు అదుపు తప్పి అలుగు మీద పిచ్చి గీతలు పడతాయి.

వెలుతురు గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. నా గదిలో నడినెత్తిన ఒక ట్యూబ్‌లైట్ ఉండేది. నేను తల వంచి చూసిన ప్రతిసారీ నా తల నీడే అలుగు మీద పడేది. వాలు ఎంతవరకు వచ్చిందో తెలియక ప్రతి రెండు లాగుళ్ళకోసారి అలుగును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసేవాణ్ణి. తిరిగొచ్చి మళ్ళీ ఆనించేటప్పుడు అదే కోణం దొరకదు. ఒక్కో కిటికీ ప్రయాణం ఒక కొత్త పలక పుట్టించేది.

ఇప్పుడు రెండు వంగే మెడ దీపాలు ఉన్నాయి. ఒకటి ఎడమ పక్క నుంచి, ప్లాటెన్ కన్నా కాస్త ఎత్తులో, దాదాపు అలుగు ముఖానికి సమాంతరంగా. రెండోది కుడి పక్క నుంచి, కాస్త కింద నుంచి. వెలుతురు అలుగును తాకీ తాకనట్టు పక్కవాటుగా పడితే ప్రతి గీతా తన నీడను తాను వేసుకుంటుంది. కొత్తగా పడ్డ గీతలు తెల్లగా మెరుస్తాయి, పాతవి బూడిద రంగులో ఉంటాయి, వాలు ఎక్కడ ఆగిందో దారం లాగినట్టు కనిపిస్తుంది. వాదర మీద హైట్ గేజ్‌తో (ఎత్తు కొలిచి గీత గీసే పనిముట్టు) గీసుకున్న రెండు గీతలు, మధ్యలో 0.7 మిల్లీమీటర్ల ఎడంతో, ఎదురుగా ఉంటాయి. అలుగును బెల్టు మీద నుంచి ఒక్క అంగుళం వెనక్కి తీస్తే చాలు, చూసుకుని అదే చోట మళ్ళీ ఆనించవచ్చు. గీసే ముందు మార్కర్‌తో అంచంతా నల్లగా పూస్తాను, అప్పుడు గీత ఇంకా స్పష్టంగా పలుకుతుంది. దీపాలు మినుకుమనే రకం కాకుండా చూసుకోవాలి. అలాంటి వెలుతురులో తిరిగే చక్రం ఆగినట్టు కనిపించే ప్రమాదం ఉంది.

వేగం మార్చడానికి వీఎఫ్‌డీ వాడతాను. మోటారుకు వెళ్ళే కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి వేగాన్ని పెంచే, తగ్గించే పెట్టె అది. నా మోటారు 50 హెర్ట్జ్ దగ్గర నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది, డ్రైవ్ వీల్ 5 అంగుళాలు, కాబట్టి బెల్టు నిమిషానికి 575 మీటర్లు పోతుంది. ముతక గింజల 36 గ్రిట్ సిరామిక్ బెల్టుతో ఉక్కును బాగా అరగదీసేటప్పుడు 75 హెర్ట్జ్‌కి తీసుకెళ్తాను, అంటే 860 మీటర్లు. నా మోటారూ చక్రాలూ ఆ వేగాన్ని తట్టుకునేవే. సిరామిక్ గింజలు ఒత్తిడికి విరిగి కొత్త పదును తేలుతాయి, అందుకే ఆ బెల్టును మెల్లగా, సున్నితంగా వాడితే ఊరికే మొద్దుబారుతుంది. హీట్ ట్రీట్‌మెంట్ అయ్యాక మాత్రం 20 హెర్ట్జ్ దాటను. అంత తక్కువలో ఎక్కువసేపు నడిపితే మోటారు వెనక ఫ్యాను కూడా మెల్లగానే తిరుగుతుంది కాబట్టి మధ్యమధ్యలో మోటారు ఒంటి మీద చెయ్యి వేసి వేడి చూస్తుంటాను.

నా మొదటి వీఎఫ్‌డీ కాలిపోయింది, నా నిర్లక్ష్యం వల్లే. గాలి ఆడుతుందని దాన్ని మూత లేకుండా గోడకు తగిలించాను. ఉక్కు పొడి కరెంటును మోస్తుంది. నాలుగు నెలల తర్వాత ఒక సాయంత్రం టప్పున పేలి, గది అంతా కాలిన వాసన వచ్చింది. విప్పి చూస్తే లోపలి బోర్డు మీద నల్లటి నూగు. రెండోదాన్ని దుమ్ము దూరని పెద్ద పెట్టెలో పెట్టాను, వేడి పోవడానికి పెట్టె చాలా ఖాళీగా ఉండేలా చూసుకున్నాను. విప్పేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. కరెంటు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీయగల కరెంటు కొన్ని నిమిషాలు నిలిచి ఉంటుంది. ఆన్, ఆఫ్ స్విచ్చులు కంట్రోల్ టెర్మినళ్ళకే కలపాలి, వీఎఫ్‌డీకీ మోటారుకీ మధ్య తీగలో స్విచ్చి పెట్టకూడదు. ఎర్త్ వైరు గట్టిగా ఉండాలి. వైరింగ్ మీద నమ్మకం లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే మేలు, నేనూ పిలిచాను.

వేగం తిప్పే గుండీ ఇదివరకు గోడ మీద ఉండేది, బెల్టు పైనుంచి చెయ్యి చాపితే గానీ అందేది కాదు. ఇప్పుడు స్టాండుకే ఎడమ పక్క, నడుము ఎత్తున ఉంది. దాని కింద పుట్టగొడుగు ఆకారంలో పెద్ద ఎర్ర స్టాప్ బటన్. రెండు చేతుల్లో అలుగు ఉన్నా తొడతో నొక్కి ఆపగలను. ఇది పెట్టాక మనసు ఎంత కుదుటపడిందో చెప్పలేను. భయం లేని చెయ్యే నిలకడగా ఉంటుంది.

నీళ్ల బకెట్టు కూడా చిన్న విషయంలా కనిపిస్తుంది. నేల మీద పెట్టుకునేవాణ్ణి. ఒక్క కత్తికి యాభై అరవైసార్లు ముంచుతాం. అన్నిసార్లు వంగి లేవడం నడుముకు మంచిది కాదు, అంతకన్నా ముఖ్యంగా వంగడానికి బద్ధకించి ఇంకో లాగుడు, ఇంకో లాగుడు అని వేడెక్కనిచ్చేవాణ్ణి. 200 డిగ్రీల దగ్గర టెంపర్ చేసిన, అంటే గట్టిపరిచాక పెళుసుతనం తగ్గేలా మళ్ళీ కాచిన, అలుగు వాదర దగ్గర గడ్డి రంగు తిరిగిందంటే ఆ వేడి దాటిపోయినట్టే, నీలం వచ్చిందంటే 300కి చేరినట్టు. ఆ చోట గట్టిదనం పోతుంది, నీళ్ళలో ముంచినా తిరిగి రాదు. పలచగా ఉన్న వాదరే అన్నిటికన్నా ముందు కాగుతుంది. ఇప్పుడు బకెట్టు కుడిచేతి పక్కన నడుము ఎత్తున ఉంది, చెయ్యి చాపకుండానే ముంచవచ్చు. చేతి తొడుగులు వేసుకోను. వేలికి వేడి తగిలితేనే ముంచాలని తెలుస్తుంది, పైగా వదులు తొడుగును బెల్టు లాక్కుంటే వేలు కూడా దాని వెంటే పోతుంది. అలుగు వీపున నొక్కడానికి మాత్రం గాడి కోసిన గట్టి చెక్క ముక్క ఒకటి వాడతాను.

బెల్టు కింద ఇంకో బకెట్టు, నాలుగు వేళ్ళ లోతు నీళ్ళతో. నిప్పురవ్వలు, ఉక్కు పొడి చాలావరకు అందులోనే పడి ఆరిపోతాయి. పిడి చెక్కలు అరగదీసేటప్పుడు ఈ బకెట్టు తీసేసి, శుభ్రం చేసి, వేరే వాక్యూమ్ గొట్టం పెడతాను. చెక్క పొడి ఉన్న గొట్టంలోకి ఉక్కు రవ్వ ఒక్కటి వెళ్ళినా లోపల రగిలి, మనం తలుపు వేసుకుని వెళ్ళిన గంటకు మంట లేవవచ్చు. అల్యూమినియం, టైటానియం ఈ యంత్రం మీద పెట్టనే పెట్టను, ఇనుప పొడితో కలిసిన వాటి పొడి చాలా ప్రమాదం. ముఖానికి సన్నటి దుమ్మును ఆపే పీ100 ఫిల్టర్లున్న హాఫ్ మాస్క్. యంత్రం ఆపగానే మాస్క్ తీసేయకూడదు, కంటికి కనిపించని సన్నటి దుమ్ము గాల్లో ఇంకా చాలాసేపు తేలుతూనే ఉంటుంది. జీ10 లాంటి గాజుపీచు పలకలు అరగదీసే రోజైతే నేల ఊడ్వను, తడిగుడ్డతో తుడుస్తాను. కళ్ళజోడు, చెవులకు మఫ్స్ ఎలాగూ తప్పవు.

బెల్టులకు గోడ మీద లావుపాటి గుండ్రటి కొయ్యలు కొట్టాను. మేకులకు తగిలిస్తే మడత పడిన చోట బెల్టు ఎగిరెగిరి పడుతుంది. 36, 60, 120, ఆపైన మెత్తగా వంగే జె ఫ్లెక్స్ రకం బెల్టులు, అదే వరసలో ఎడమ నుంచి కుడికి. కొత్త బెల్టు ఎక్కించాక పక్కకు తప్పుకుని ఒక నిమిషం ఖాళీగా తిప్పుతాను, అతుకు ఊడేదైతే అప్పుడే ఊడుతుంది. కొత్త బెల్టును అలుగు మీద పెట్టే ముందు పాత బెల్టుతో అలుగు అంచుల్ని 45 డిగ్రీల వాటుగా కొట్టేస్తాను. చదరపు అంచు కొత్త బెల్టు గింజల్ని ఒలిచేస్తుంది.

ఇవన్నీ కుదిరాక తీసిన మొదటి అలుగు ఇంకా కళ్ళముందుంది. 60 గ్రిట్ బెల్టు, మోచేతులు పక్కటెముకలకు ఆని ఉన్నాయి, ఊపిరి వదులుతూ ఎడమ పక్కను ఆనించాను. అలుగు ప్లాటెన్ మీద పూర్తిగా కూర్చున్నప్పుడు శబ్దం మారుతుంది. కీచుమని మొదలైంది ఒక్కసారిగా బరువెక్కి, గంభీరంగా దిగుతుంది. రవ్వలు ఒక మూల నుంచి చిమ్మడం మాని వాలు వెడల్పంతా పలచటి తెరలా జారతాయి. ఆ శబ్దం మొన దాకా మారలేదు. వెనక్కి తీసి దీపం కింద చూస్తే ప్లంజ్ లైన్ నుంచి మొన దాకా ఒకే పలక, గీతలన్నీ ఒకే దిక్కుకు. ఎడమ పక్క. కెలిపర్‌తో వాదరను మూడు చోట్ల కొలిచాను. 0.72, 0.70, 0.74.

ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనకోడలు మొన్న సెలవులకు వచ్చి, "మామయ్యా, నాకూ నేర్పు" అంది. బూట్లు వేయించి, జుట్టు ముడి వేయించి, మ్యాట్ మీద నిలబెట్టి మోచేతి ఎత్తు కొలిచాను. 101 సెంటీమీటర్లు. ఇద్దరం కలిసి బోల్టులు వదులు చేసి యంత్రాన్ని అయిదు రంధ్రాలు కిందికి దించాం, దీపాలు కూడా అంతే దించాం. బెల్టు ఆపి ఉండగా అరగంట ఊగించాను. తర్వాత 20 హెర్ట్జ్ దగ్గర తిప్పి ఒక పాత పట్టీ చేతికిచ్చాను. మూడోసారి ఆనించినప్పుడు కీచుమనే శబ్దం ఆగి, గొంతు దిగింది. తల తిప్పకుండానే, "మామయ్యా, ఇదేనా నువ్వు చెప్పింది?" అని అడిగింది.

"అదే తల్లీ. కాళ్ళతో జరుగు" అన్నాను.